నేల విడవని పాదాలు

సూరత్‌ నుంచి తూర్పుగా 30 కిలోమీటర్ల పైచిలుకు వెళితే చెరకు తోటల మధ్య బార్డోలీ. 1928లో శిస్తు పెంపుపై తిరగబడి, వల్లభ్‌భాయ్‌ పటేల్‌ను 'సర్దార్‌'గా నిలబెట్టిన తాలూకా ఇది. పెదనందిపాడు పన్నుల నిరాకరణ గుర్తున్న తెలుగువారికి పరాయి పేరేమీ కాదు. స్వరాజ్‌ ఆశ్రమం, సహకార చక్కెర ఫ్యాక్టరీ చూశాక కళ్లు ఇళ్ల వసారాల మీదికి మళ్లుతాయి. గుజరాతీ ఇంటికి అందం 'హించ్కో'. గొలుసులకు వేలాడే ఆ ఉయ్యాల బల్ల మీదే సాయంత్రం చాయ్‌, చుట్టాల కబుర్లు, పసివాళ్ల కునుకు.

అలాంటి చోట ఉయ్యాల ఎక్కనని మొరాయించే పిల్లాడి మీద పిరికివాడన్న ముద్ర పడటానికి ఎంతోసేపు పట్టదు. పాదాలు నేల విడిస్తే చాలు, వాడి ఒళ్లు బిగుసుకుపోతుంది. జారుడుబల్లన్నా, మెట్లు దిగడమన్నా అదే వరస. అది పిరికితనం కాకపోవచ్చంటారు ఆక్యుపేషనల్‌ థెరపిస్టులు. లోపలి చెవి పంపే కదలిక సంకేతాలను మెదడు ప్రమాద ఘంటికలుగా తీసుకోవడమే కారణమన్నది అమెరికన్‌ థెరపిస్టు జీన్‌ ఏర్స్‌ వివరణ. 1972లో ఆమె దీనిపై పుస్తకమే రాశారు. చిత్రమేమిటంటే, ఆమె బాటలో నడిచే థెరపిస్టుల ముఖ్య పరికరాల్లో ఒకటి ఉయ్యాలే.

కాకపోతే ఎత్తి కూర్చోబెట్టి ఊపరు. అలా చేస్తే భయం ముదురుతుంది. ముందు బల్లను పిల్లాడి పాదాలు నేలకు ఆనేంత కిందికి దించుతారు. ఎంత ఊగాలో, ఎప్పుడు ఆగాలో వాడిదే నిర్ణయం. తర్వాత బల్ల మీద బోర్లా పడుకుని కింద ఉన్న బొమ్మలు ఏరి బుట్టలో వేయమంటారు. ధ్యాస ఆట మీదికి మళ్లాక పాదాలు నేల విడిచిన సంగతే వాడికి గుర్తుండదు. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. దీన్ని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లతో జాగ్రత్త. ఈ తరహా థెరపీకి ఆధారాలు పరిమితమేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే హెచ్చరించింది.

అసలు చిక్కు గుర్తించడంలో ఉంది. పిల్లల్లో ఎదుగుదల లోపాలను అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పరీక్షించి జిల్లా కేంద్రాలకు పంపే పథకాన్ని కేంద్రం 2013లో మొదలుపెట్టింది. కానీ చెరకు కోతల కాలంలో డాంగ్స్‌ నుంచి, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి కూలీలు బార్డోలీ చుట్టుపక్కలకు వచ్చి గుడారాలు వేసుకుంటారు. వాళ్ల పిల్లలు చాలామంది ఆ నెలల్లో సొంతూరి బడిలోనూ ఉండరు, ఇక్కడి బడిలోనూ ఉండరు. పరీక్షించే బృందం ఆ ఊరి బడికి వచ్చి వెళ్లేసరికి వాళ్లు చెరకు తోట గట్టున ఉంటారు.