అక్షరాన్ని చూసే కళ్లు: పాతనగరంలో ఒక ఉదయం

హైదరాబాద్ పాతనగరానికి వచ్చే యాత్రికులు సాధారణంగా చార్మినార్ వద్ద ఆగి, లాడ్ బజార్‌లో గాజులు కొని, మక్కా మసీదును దర్శించి తిరిగిపోతారు. అదే పరిసరాలలో మరొక సంపద ఉంది. అది అక్షర సంపద. మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం, దానికి చేరువలోని ఛత్తాబజార్, మదీనా కూడలి సమీపంలోని బాద్‌షాహీ అషూర్‌ఖానా. ఈ మూడింటినీ ఒకే ఉదయం కాలినడకన చూడవచ్చు. మదరసా విద్యార్థులను వెంటబెట్టుకుని మేము ఆ దారిన వెళ్లాము. మనిషి కళను ఎలా సృష్టిస్తాడు, ఎలా గ్రహిస్తాడు అన్న విషయం అక్కడ మాకు బాగా బోధపడింది.

మ్యూజియంలోని దివ్య ఖుర్ఆన్ రాతప్రతుల ముందు హాఫిజ్ విద్యార్థి నాలుగు అక్షరాలు చూడగానే ఆయతును చివరిదాకా పఠించాడు. అతని కన్ను అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కోలేదు. హృదయంలోని జ్ఞాపకం చూపుకంటే ముందే పరుగెత్తింది. పక్కన నిలబడిన సందర్శకులు బంగారు అంచును, రేఖల వంపును చూసి ఆనందించారు. ప్రతి ఒక్కటే, చూపులు వేరు.

అక్కడే బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ పాలరాతి శిల్పం ఉంది. శిల్పకళ మన మార్గం కాకపోయినా, చూపు పనితీరును గ్రహించడానికి అది మంచి ఉదాహరణ. అక్కడ ఉన్నది రాయి మాత్రమే, కానీ చూసేవారికి పలుచని వస్త్రం కనబడుతుంది. కళాకారుడు సగం పని చేస్తాడు, మిగతా సగం చూసేవారి మనసు పూర్తి చేస్తుంది.

ఛత్తాబజార్ ముద్రణాలయాలకు, పెళ్లి పత్రికలకు పేరుపొందింది. ఒకప్పుడు కాతిబులు చేతితో రాసి ఇస్తేనే ఉర్దూ పత్రికలు, పుస్తకాలు అచ్చయ్యేవి. 1990ల నుండి కంప్యూటర్ ఆ పనిని అందుకుంది. ఖత్తాతు రెల్లు కలం మొనను ఏటవాలుగా కోస్తాడు. ఆ మొనను కాగితంపై అద్దితే పడే చుక్కే ‘నుఖ్తా’. అక్షరాల కొలతలన్నీ ఆ చుక్కలతోనే. పదవ శతాబ్దంలో బాగ్దాద్‌కు చెందిన ఇబ్నె ముఖ్లా ఈ నిష్పత్తులకు ఒక క్రమం కల్పించాడు. శిష్యుడు అలిఫ్‌ను, బేను నెలల తరబడి దిద్దుతాడు. ఈ సాధనను ‘మష్ఖ్’ అంటారు. తొలినాళ్లలో మనసంతా చేతిమీదే ఉంటుంది. సాధన పండిన కొద్దీ చేయి తనంతట తాను నడుస్తుంది, మనసు అర్థంపై నిలుస్తుంది. ప్రేరణ అని మనం పిలిచేది చాలావరకు ఈ ఓర్పు ఫలితమే.

అషూర్‌ఖానాను మహమ్మద్ ఖులీ ఖుత్బ్‌షా చార్మినార్ (1591) తరువాత కొద్ది ఏళ్లకే కట్టించాడు. లోపలి గోడలపై రంగు పలకలను ముక్కలుగా కోసి, అతికి కూర్చిన పనితనం చూసి తీరవలసినది. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు దెబ్బతినగా, ఆ మేర రంగులతో చిత్రించి పూరించారు. దూరం నుండి గోడ ఒక్కటిగానే తోస్తుంది. దగ్గరికి వెళ్తేనే మెరిసే పలక ఎక్కడ ముగిసిందో, రంగు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. లోటును పూడ్చుకోవడం కంటికి అలవాటు.

అక్కడ, ఈ ఏడాదే చేరి ఇంకా ఖాయిదా చదువుతున్న ఒక పిల్లవాడు, “ఉస్తాద్, ఇది డిజైనా, రాతా?” అని అడిగాడు. మేము ఒక్క లామ్‌ను మాత్రం వేలితో చూపించాము. కాసేపటికి మిగతా అక్షరాలను వాడే వెతికి పట్టుకున్నాడు. ఇక ఆ గోడ వాడికి ఎన్నడూ వట్టి డిజైన్‌గా కనబడదు. తెలియడమంటే ఇదే. ఒకసారి చదవగలిగిన కన్ను మళ్లీ చదవకుండా ఉండలేదు.

ఆ పిల్లవాని ప్రశ్న మన ఇళ్లన్నింటికీ వర్తిస్తుంది. గోడపై ఆయతుల్ కుర్సీ చట్రం వేలాడుతుంది, పిల్లలకు అది అలంకారంగానే మిగులుతుంది. మొట్టమొదట అవతరించిన ఆయతులలోనే చదవమన్న ఆదేశం, కలం ప్రస్తావన ఉన్నాయని మనం ఎరుగుదుము. హైదరాబాద్ వచ్చినప్పుడు పిల్లలను ఈ మూడు చోట్లకు తీసుకువెళ్లండి. రాలేకపోతే ఈ రోజు మగ్రిబ్ తరువాత ఇంటి గోడపై ఉన్న చట్రాన్నే దించి, వారి ముందు పెట్టి, అందులో ‘అల్లాహ్’ అన్న పదం ఎన్నిచోట్ల ఉందో వెతకమనండి.