కార్డు నడుస్తోందా?

పరాయి దేశంలో జబ్బుపడితే ముందు ఎవరి దగ్గరికి పోవాలని మరిపెడలో ఎవర్నడిగినా డాక్టరు దగ్గరికే అంటారు. రియాద్‌లో ఒక నిర్మాణ కంపెనీ క్యాంపులో టైమ్‌కీపర్‌గా పనిచేసిన రోజుల్లో నేను చూసింది వేరు. డాక్టరు కన్నా ముందు ఆసుపత్రి కౌంటర్లో కంప్యూటర్ పెట్టుకుని ఒకరు కూర్చుని ఉంటారు. మన నంబరు కొడతారు. తెర మీద ఏం కనబడితే దాన్నిబట్టి మనకు వైద్యం.

మా వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్ళంత మంది ఉండరు. ఆ జిల్లాల్లో తండ్రి గల్ఫ్ పోయొచ్చి ఉంటాడు, మేనమామ ఇంకా అక్కడే ఉంటాడు, సౌదీలో ఉండే అనుమతి కార్డును ఇఖామా అంటారని ఇంట్లో ఆడవాళ్ళకు కూడా తెలుసు. మాది మిర్చి, పత్తి నమ్ముకున్న ప్రాంతం. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద పడ్డప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చాలామంది పైరును పీకి పారేశారు. ఆ పంటకు చేసిన అప్పు నెత్తిన పెట్టుకుని సౌదీ వచ్చినవాళ్ళలో మా పక్క తండా తమ్ముడొకడు. ఏ కాగితం దేనికో చెప్పే పెద్దదిక్కు అతని ఇంట్లో ఎవరూ లేరు.

ఒక రాత్రి అతను కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే క్యాంపు వ్యానులో ఆసుపత్రికి తీసుకుపోయాం. నొప్పి మొదలై అప్పటికే రెండు రోజులు. నాగా పెడితే ఆ రోజు జీతం కోస్తారని గోళీలు మింగుతూ డ్యూటీకి పోయాడు. కౌంటర్లో ఉన్నది మలయాళీ అమ్మాయి. ఇఖామా అడిగింది. అతను ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో పర్సు తీసి, అందులోని ప్లాస్టిక్ కవరు విప్పి కార్డు ఇచ్చాడు. చెమటకు తడవకుండా అంత భద్రంగా దాచుకున్నాడు. ఆ అమ్మాయి నంబరు కొట్టి తెర చూసింది. ఇన్సూరెన్స్ లేదంది. ఇఖామా గడువు దాటి రెండు నెలలయిందంది.

“కార్డు నా జేబులనే ఉన్నది గదా అన్నా, ఎట్ల పోతది?” అన్నాడు నా వైపు తిరిగి.

అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. సౌదీ 2015లో ఇఖామా పద్ధతి మార్చింది. చేతికిచ్చే కార్డు ఐదేళ్ళది. ఉండే అనుమతిని మాత్రం కంపెనీ ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించాలి. ఆ గడువు తేదీ కార్డు మీద ఉండదు, ప్రభుత్వ కంప్యూటర్లో ఉంటుంది. ఉద్యోగికి ఆరోగ్య బీమా చేయించాల్సిందీ కంపెనీయే, ఆ బీమా లేకపోతే ఇఖామా రెన్యువల్ కాదు. అంటే ఒకటి ఆగిందంటే రెండోదీ ఆగినట్టే అనుకోవాలి. ఇక కంపెనీ ఎందుకు ఆపుతుందంటే, 2018 నుంచి అక్కడ విదేశీ కార్మికుడి మీద నెలనెలా రుసుము పెంచుకుంటూ పోయారు. 2020 నాటికి అది మనిషికి నెలకు 800 రియాళ్ళ దాకా చేరింది. బిల్లులు రాక డబ్బు ఆడని కంపెనీ అన్నిటికన్నా ముందు వాయిదా వేసే ఖర్చు ఇదే. జీతం ఆగితే కార్మికుడు ఆ నెలే గొడవ చేస్తాడు. ఇఖామా ఆగితే ఒళ్ళు పాడయ్యేదాకా అతనికి తెలియదు.

ప్రాణం మీదికొచ్చిన కేసైతే కాగితాలతో నిమిత్తం లేకుండా చేర్చుకోవాలని అక్కడి చట్టంలో ఉంది. ఆ మాట పట్టుకుని గట్టిగా అడిగాం. తెల్లవారేసరికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. అసలు కష్టం వార్డులో మొదలైంది. బిల్లు ఎవరు కడతారు? ఇంటికి పోదామంటే ఫైనల్ ఎగ్జిట్ వీసా కావాలి, అది కావాలంటే ఇఖామా నడుస్తూ ఉండాలి. ఎవరో ఫోన్ చేసి దమ్మామ్‌లో బయటి పని ఉంది, రాత్రికి రాత్రి వచ్చెయ్ అన్నారట. కుట్లు ఆరకముందే పోదామని చూశాడు.

“తమ్మీ, పోతే నీ మీద హురూబ్ పెడతరు. ఇప్పుడు తప్పు కంపెనీది. నువ్వు గేటు దాటితే నీది అయితది” అని చెప్పి కూర్చోబెట్టాను. హురూబ్ అంటే పనికి రాకుండా పారిపోయాడని యజమాని ఇచ్చే ఫిర్యాదు. అది పడ్డాక మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాలు లేనివాడు. ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రి గడప తొక్కాలంటే భయం, ఎక్కడైనా చెకింగ్‌లో దొరికితే జైలు. గుండెనొప్పిని గ్యాస్ అనుకుని ఓర్చుకుంటూ గదుల్లోనే ఉండిపోయిన ఖల్లివల్లి వాళ్ళను నేను చూశాను. వాళ్ళు డాక్టరుకు భయపడలేదు, డాక్టరు అడగబోయే కార్డుకు భయపడ్డారు.

అతనికి కలిసొచ్చిందల్లా ఒక రూలు. కంపెనీ ఇఖామా రెన్యువల్ చేయకపోతే పాత యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చని 2021 మార్చిలో అమలైన కార్మిక సంస్కరణల్లో ఉంది. రాయబార కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం, ఇంకో కంపెనీ దొరికింది, కొత్త ఇఖామాతో పాటు బీమా కూడా వచ్చింది. ఆ తర్వాత నుంచి శుక్రవారం సెలవునాడు మా గదిలో ఒక పని పెట్టుకున్నాం. ఎవరి ఫోన్లో వాళ్ళు సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షెర్ తెరిచి ఇఖామా గడువు చూసుకోవడం. చాలామందికి తమ పాస్‌వర్డే తెలియదు, క్యాంపు ఆఫీసులో ఎవరి దగ్గరో ఉంటుంది. అది వెనక్కి తీసుకోవడమే సగం పని అయింది.

ఇది చదువు తక్కువ కార్మికుల బాధే అనుకుంటే పొరపాటు. మా అక్క కొడుకు బ్యాంకాక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. థాయిలాండ్‌లో పద్ధతి కొంత నయం. 2025 దాకా జీతంలో ఐదు శాతం, గరిష్టంగా 750 బాత్, సోషల్ సెక్యూరిటీకి కోసేవాళ్ళు. కంపెనీ కూడా అంతే వేసేది. ఆ పథకం కింద ఒక ఆసుపత్రిలో పేరు నమోదవుతుంది, అక్కడ చూపించుకుంటే చేతినుంచి డబ్బు పడదు. అయితే ప్రతి 90 రోజులకు ఎక్కడ ఉంటున్నదీ ఇమిగ్రేషన్‌కు చెప్పాలి, మరిచిపోతే 2,000 బాత్ జరిమానా. రీఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే ఉన్న అనుమతి రద్దవుతుంది. మా అక్కకు ఒంట్లో బాగాలేదని ఫోన్ వస్తే, “మామా, రీఎంట్రీ తీసుకుని రాత్రి ఫ్లైట్ ఎక్కుత” అన్నాడు. అంత కంగారులోనూ దాన్ని మరిచిపోలేదు. అక్కడ ఇంకో చిక్కు ఉంది. ఉద్యోగం మానేశాక కూడా వైద్యం హక్కు ఆరు నెలలు నడుస్తుంది. దేశంలో ఉండే అనుమతి మాత్రం ఉద్యోగంతోనే ముగుస్తుంది. మందు ఇస్తామంటారు, తీసుకోవడానికి మనిషి అక్కడ ఉండకూడదు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఇది తెలుస్తుంది.

అదే థాయిలాండ్ మనవాళ్ళకు వీసా అక్కర్లేకుండా ఉండే గడువును 2024 జులైలో 60 రోజులకు పెంచింది. టూరిస్టుకు ఇచ్చిన ఈ వెసులుబాటు ఏజెంట్లకు పనికొచ్చింది. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి, సరిహద్దు పట్టణం మే సోట్ మీదుగా నది దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాలకు అమ్మేశారు. 2025 మార్చిలో వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 500 మందికి పైగా భారతీయులను తీసుకొచ్చాయి. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. దెబ్బలు తిన్నా, కరెంటు షాకులు పెట్టినా వైద్యం ఎవరిని అడుగుతారు? ఆ దేశంలో వాళ్ళు ఉన్నట్టే ఏ కాగితం మీదా లేదు.

అందుకే బయల్దేరే దారి దగ్గరే జాగ్రత్త పడాలంటాను. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేసియా, థాయిలాండ్ సహా 18 దేశాలకు వాళ్ళు పనికి పోవాలంటే మన ప్రభుత్వ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ దారిన పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు, జబ్బుపడి ఆసుపత్రిలో చేరితే లక్ష దాకా. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు కార్మికుడికి దక్కాల్సిన ఇదంతా మొదటి రోజే పోగొడతాడు. ఆ ప్రీమియం కట్టే మూడు వందలకు మా ఊళ్ళో పురుగుమందు డబ్బా కూడా రాదు.

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తోంది. మంచి పని. కానీ చావుకు సాయం ఉన్నంత స్పష్టంగా జబ్బుకు లేదు. బతికుండి, మంచాన పడి, ఇఖామా పోయి, ఎగ్జిట్ దొరకనివాడికి కూడా ఒక పథకం ఉండాలి. కష్టపడి ఇల్లు చేరినవాడికి ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల వైద్యం ఉంది, దానికి రేషన్ కార్డులో పేరుండాలి. ఏళ్ళ తరబడి ఊళ్ళో లేని మనిషికి ఈ-కేవైసీ దగ్గర పేరు ఉంటుందో పోతుందోనని ఇంట్లోవాళ్ళ దిగులు. పోయినచోట విదేశీ, వచ్చినచోట గల్లంతైన పేరు. ఇంత అన్యాయం వాళ్ళకు జరగకూడదు.

మరిపెడ చుట్టుపక్కల తండాల్లో, ఊళ్ళలో మనవాళ్ళు ఎవరైనా బయటి దేశంలో ఉంటే ఇంట్లోవాళ్ళకు నాదొక మనవి. పాస్‌పోర్టు, వీసా, ఇఖామా నంబరు, బీమా పాలసీ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి ఇంట్లో ఉంచండి. విదేశాల్లోని కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు 1800 11 3090 కవరు మీదే రాయండి. వారం వారం వీడియో కాల్‌లో తిన్నవా, పన్నవా అని అడుగుతాం కదా, కార్డు నడుస్తోందా అని కూడా అడగండి.