కాలరేఖ చివరి ముక్క

బాగేపల్లి వాసులమైన మాకు కన్నడము కచేరి భాష, తెలుగు వంటయింటి భాష. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా ఏర్పడువరకు మా తాలూకా కోలారు జిల్లాలో నుండెను. జిల్లా మారినను ఇంటి మాట మారలేదు. అయితే మా మనుమలు తెలుగు మాటాడుదురే గాని చదువలేరు. మేమియ్యగల తెలుగు వారికి చెవి ద్వారానే చేరవలెను. ఈ వయసున మేము కంప్యూటరు ముందు కూర్చుండుటకు కారణమిదియే.

మా అక్కయ్య కైవారము తాతయ్యగారి తత్త్వములను చక్కగా పాడెడిది. చింతామణి తాలూకా కైవారమున నివసించిన ఆ యోగి నారేయణులు తెలుగునను కన్నడమునను రచనలు చేసిన సంగతి మనవారెల్లరు నెరిగినదే. 1988లో అరువు టేప్‌రికార్డరుతో ఆమె పాటలను ఒక క్యాసెట్టున పట్టితిమి. పక్కకు 30 నిమిషములు, మొత్తము ఒక గంట. ఆమె గతించి చాల కాలమైనది.

టేపు చెడిపోవునన్న భయముతో దానిని ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరులోనికి ఎక్కించితిమి. పై వరుసన అక్కయ్య పాటలు. కింది వరుసన, ఒక్కొక్క తత్త్వమునకు ముందు, మా గొంతుతో నాలుగు మాటల వివరణ. ముప్పది యేండ్లు లెడ్జరులు వ్రాసినవారము గదా, వరుసలు మనకు కొత్తవా యని ధైర్యము.

ఆ ధైర్యము మొదటి దినముననే సడలెను. పాట నడుమ వచ్చిన దగ్గును కోసివేయగా, దాని వెనుకనున్న పాటలన్నియు ఎడమకు జరిగెను. కింది వరుస మాత్రము కదలలేదు. మా వివరణ పోయి అక్కయ్య పల్లవి మీద పడెను! మా యొద్దనున్న పాత ప్రతిలో వట్టి ‘డిలీట్’ ఖాళీని పూడ్చివేయును. ‘స్ప్లిట్ డిలీట్’ ఆ మేరకు ఖాళీ నుంచి, తక్కిన ముక్కలను వాని చోటనే నిలుపును. రెండు వరుసలును కలిసి జరుగవలెనన్నచో ‘సింక్-లాక్’ అను ఏర్పాటు కలదు. లెడ్జరులో ఒక పద్దు కొట్టివేసినపుడు కింది పద్దులను పైకెక్కించుదుమా? గీత గీసి చోటు నట్లే యుంచుదుము. ఇది మాకు తోచుటకు రెండు దినములు పట్టెను.

పిమ్మట మరియొక చిక్కు. తయారైన ఫైలు మూడు గంటల పొడవున్నది! పాటలు ముగిసిన పిదప అంతయు నిశ్శబ్దమే. మనుమడు కంట్రోల్, ఎఫ్ మీటలను కలిపి నొక్కగా కాలరేఖ యంతయు తెరమీద ఇమిడెను. కుడి చివర వెండ్రుకవలె సన్నని ముక్క యొకటి కనబడెను. ఎక్కడ చివరి ముక్క ముగియునో అంతవరకును ఫైలు సాగును.

“ఇది తీసివేస్తే సరిపోతుంది తాతా” అనెను.

పాట కాదని మొదటి దినమున మేమే పక్కకు ఈడ్చి మరచిన ముక్క అది. తీసివేయుటకు ముందు ఒక్కమారు వింటిమి.

“ఏమప్పా, కాపీ తాగితివా?”

అక్కయ్య గొంతు. పాట ఆపి మమ్మడిగిన మాట. తాతయ్యగారి తత్త్వములు ఇతరుల కంఠములందును వినవచ్చును. ఈ మాట మరెక్కడ దొరకును? మేము కాసేపు ఏమియు పలుకలేకపోతిమి. మనుమడు మాత్రము, “అవ్వ మన మాదిరే మాట్లాడుతుందే!” అని మరల వినిపించుమనెను.

క్యాసెట్టు విని, ఆ మాట మూడవ తత్త్వము ముగిసిన చోటిదని తెలిసికొంటిమి. సింక్-లాక్ పెట్టి అచ్చటనే అతికించగా, కింది వరుసలోని మా వివరణలును జరిగి దారి యిచ్చెను. ఇప్పుడు ఫైలు ఒక గంట పది నిమిషములు.

పాత క్యాసెట్లు గల మన కుటుంబములవారు మూలప్రతిని ముట్టక, నకలు మీదనే కోతలు కోయవలెను. కాలరేఖ చివర ఏ ముక్కయైన మిగిలినచో, తీసివేయుటకు ముందు దయచేసి ఒక్కమారు వినుడు.