కోరంగికి ఒండ్రే ఊపిరి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి చేరేసరికే గాలి మారుతుంది. ఉప్పు వాసనకు బురద వాసన తోడవుతుంది. పుష్యమాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్యనాడు ఇక్కడ స్నానాలకు జనం పోటెత్తుతారు. మిగతా రోజుల్లో ఈ దారిన వచ్చే సందర్శకుల మజిలీ మరికాస్త ముందున్న కోరంగి. గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట పరుచుకున్న మడ అడవి అది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

చెక్కల వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా పచ్చటి గోడలే. కింద బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు కనిపించేవి మొక్కలు కావు, మడచెట్ల వేళ్లు! బురదలో గాలి ఆడదు కాబట్టి అవి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. పొన్న చెట్టుది మరో తీరు. దాని కాండం నుంచి వేళ్లు గొడుగు ఊచల్లా దిగి నేలను పట్టుకుంటాయి. గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి మునక్కాడలా వేలాడుతుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం వెళ్లకూడదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

పాటు వేళ నీళ్లు తీసేశాక అసలు సందడి మొదలవుతుంది. ఒంటిచేత్తో డాలు పట్టినట్టుండే పీతలు, బురదలో గెంతే చిన్న చేపలు, వాటి కోసం కాపుకాసే కొంగలు. అదృష్టం బాగుంటే నీటికుక్కల గుంపూ కనిపిస్తుంది. చేపలను వేటాడి తినే బావురుపిల్లి మాత్రం రాత్రిపూట సంచారి. దాని పాదముద్రలు చూసి సరిపెట్టుకోవాల్సిందే. కాకినాడ తీరానికి అడ్డుగోడలా ఉన్న హోప్ ఐలండ్‌కు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ ఇసుకదిబ్బ కూడా గోదావరి మోసుకొచ్చిన మట్టి, ఇసుకల చలవే.

రేవు పోయింది... అడవి మిగిలింది

ఒకప్పుడు కోరంగి పేరున్న రేవు. ఇక్కడినుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి విరుచుకుపడిన తుపాన్లు ఆ వైభవాన్ని దెబ్బతీశాయి. 1996 నవంబరు తుపాను గోదావరి జిల్లాల్లో మిగిల్చిన విషాదం ఈ తరానికీ గుర్తే. మడ అడవి తుపానును ఆపలేదు. కానీ దూసుకొచ్చే అలల ఉద్ధృతిని వేళ్లతో, కొమ్మలతో తగ్గిస్తుంది. వేటమీదే బతికే ఊళ్లకు అది పెట్టని కోట. రొయ్య పిల్లలూ చేప పిల్లలూ పెరిగేది కూడా ఆ వేళ్ల నీడలోనే.

ఇప్పుడు శాస్త్రవేత్తలు ఈ అడవికి మరో విలువ కడుతున్నారు. ఇండో-పసిఫిక్ ప్రాంతంలోని 25 మడ అడవులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హెక్టారుకు సగటున 1,023 టన్నుల కర్బనం వాటిలో దాగి ఉంది. అందులో ఎక్కువ భాగం చెట్లలో కాదు, కింద బురదలోనే ఉంది! అందుకే మడను నరికి చెరువు తవ్వితే పోయేది చెట్లు మాత్రమే కాదు. ఎన్నో ఏళ్లుగా నేల దాచుకున్న కర్బనం తిరిగి గాలిలో కలుస్తుంది.

నాటగానే సరిపోదు

వాతావరణ మార్పులపైనా, జీవవైవిధ్యంపైనా పనిచేసే రెండు అంతర్జాతీయ శాస్త్ర సంఘాలు 2021లో తొలిసారి కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. ఈ రెండు సమస్యలనూ విడివిడిగా చూస్తే ఏదీ తీరదన్నది దాని సారాంశం. మడ అడవుల్లాంటి వాటిని కాపాడితే రెండింటికీ మేలు. ఎక్కడపడితే అక్కడ ఒకే రకం చెట్లు బారులుగా నాటితే మాత్రం మేలుకన్నా కీడే ఎక్కువని కూడా హెచ్చరించింది.

ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి గోదావరి తీరానికి ముందే తెలుసు. చెట్లు కొట్టేసిన చోట నేల పళ్లెంలా కుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఇగిరి ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకవు. 1990ల చివర్లో ఎం.ఎస్.స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, తీర గ్రామాల వాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటుకు నీరు వచ్చి పాటుకు వెనక్కి పోయే దారి ఏర్పడ్డాకే మొక్కలు నాటారు. ముందు నీళ్లను సరిచేయాలి, ఆ తర్వాతే మొక్క. గోదావరి, కృష్ణా మడల్లో నేర్చుకున్న పాఠం ఇదే. 2023 నాటి అటవీ నివేదిక చూస్తే, అంతకుముందు లెక్కతో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో మడ విస్తీర్ణం సుమారు 13 చదరపు కిలోమీటర్లు పెరిగింది.

ముందు సముద్రం... వెనక చెరువులు

అయితే అంతా బాగుందనుకోవడానికి లేదు. 1976 నుంచి 2001 వరకు ఉపగ్రహ చిత్రాలు పరిశీలిస్తే, గోదావరి డెల్టా సముద్రపు అంచున నికరంగా 1,836 హెక్టార్లు కోతకు గురైనట్టు తేలింది. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో, 1970లతో పోలిస్తే 1990ల నాటికే నది మోసుకొచ్చే మట్టి సగానికి పైగా తగ్గిపోయింది. సముద్రమట్టం పెరుగుతుంటే మడ అడవి ఒండ్రును వేళ్ల మధ్య పట్టుకుని తన నేలను తానే ఎత్తు చేసుకుంటుంది. ఆ ఒండ్రే రాకపోతే దానికి మిగిలేది ఒకటే దారి... మెల్లగా వెనక్కి జరగడం. కానీ వెనక ఏముంది? రొయ్యల చెరువులు, గట్లు, పొలాలు, ఊళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

ప్రపంచంలోని మడ అడవుల్లో సగం ప్రమాదం అంచున ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో ప్రకటించింది. సముద్రమట్టం పెరగడం అందుకు ఒక ముఖ్య కారణం. నదిలో నీరూ ఒండ్రూ కిందికి రానివ్వాలి, అడవి వెనక్కి జరగడానికి నాలుగు అడుగుల చోటు వదలాలి అన్నది నిపుణుల మాట. అంటే కోరంగి భవిష్యత్తు కోరంగి ఒక్కదాని చేతుల్లోనే లేదు. ఎగువన ఆనకట్టల దగ్గరా, గట్టుకు ఇవతల చెరువుల దగ్గరా తీసుకునే నిర్ణయాల్లో ఉంది.

కోరంగి కాకినాడకు 20 కిలోమీటర్ల లోపే. తుపాను రోజులు కాకుండా శీతకాలంలో వెళితే వలస పక్షులూ పలకరిస్తాయి. పాటు వేళకు చేరుకునేలా బయల్దేరితే మంచిది. ఈ తీరాన్ని కాస్తున్న వేళ్లు బయటికి కనిపించేది అప్పుడే.