ఊడిన పన్ను పారెయ్యకుండ్రి

ఇయ్యాల పంట ముచ్చట కాదు అన్నలారా, పోరల పండ్ల ముచ్చట. ఎండకాలం సెలవులల్ల మా నస్పూర్‌ల సింగరేణి క్వార్టర్ల పిల్లలు, మా ఊరి పిల్లలు కలిసి సైకిళ్లు తొక్కుతరు, చెట్లెక్కుతరు. మూతి పగలని ఇల్లు లేదు.

మనకు ఒక అలవాటున్నది. పాలపన్ను ఊడితే పెండల పెట్టి ఇంటి మీదికి ఇసురుతం. అది మంచిగనే ఉన్నది. కానీ దెబ్బ తగిలి ఊడిన పన్నును గూడ గట్లనే పారేస్తున్నం, అక్కడనే నష్టం. ఆరు, ఏడేండ్లకు ముందటి పాలపండ్లు ఊడి గట్టి పండ్లు వస్తయి. ఆ గట్టి పన్ను పోతే మళ్ల రాదు. దవడ ఎదుగుడు ఆగేదాక, అంటే పద్దెనిమిది దాటేదాక, స్క్రూ పన్ను గూడ పెట్టరు. అన్నేండ్లు ఆ పిల్ల మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోనే నవ్వాలె.

పోయినేడు మా తమ్ముని కొడుకుకు బోరింగ్ పిడి ఎగిరి మూతికి తగిలింది. పదకొండేండ్లోడు. పై పన్ను ఒకటి వేరుతో సహా కింద పడ్డది. మా పెద్దమ్మ "పారేయుండ్రి, మళ్లొస్తది" అన్నది. పక్కింట్ల నర్సింగ్ చదివే పిల్ల ఉరికొచ్చి, పన్ను ఏరి, చిన్న గిన్నెల చల్లటి పాలు పోసి అండ్ల వేసింది. మంచిర్యాలకు తీస్కపోతే అరగంటల పండ్ల డాక్టర్ దాన్ని తిరిగి పెట్టి, పక్క పండ్లకు సన్న తీగతోని కట్టిండు. రెండు వారాలు కట్టు. గట్క, పెరుగన్నం తప్ప ఏం తినలే. నడుమల రూట్ కెనాల్ సురువు చేసిండు. ఎన్నేండ్లు నిలుస్తదో ఇప్పుడే చెప్పలేనన్నడు. ఇయ్యాల్టికైతే నిలబడ్డది.

పాలెందుకో డాక్టర్ చెప్పినంక మన నారు యాదికొచ్చింది. నారు పీకి ఎండల పడేస్తే వేరెండిపోతది, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా లేవదు. పన్ను వేరు మీద గూడ సన్న పొర ఉంటది, అండ్ల జీవం ఉంటది. గాలికి గంటసేపు ఎండితే చచ్చిపోతది. మామూలు నీళ్లల్ల నానబెట్టినా పాడైతది, పాలల్ల కొన్ని గంటలు బతుకుతది. కాచి చల్లార్చిన పాలు, ప్యాకెట్ పాలు, ఏవైనా సరే. వేడివి వద్దు, మజ్జిగ వద్దు. బర్రె ఉన్న ఇంట్ల ఈ మందు ఎప్పుడూ ఉంటది గదా!

పన్నును తెల్ల భాగం కాడనే పట్టాలె, వేరు ముట్టొద్దు. మట్టి అంటితే పాలతోనో నీళ్లతోనో పది సెకండ్లు తొలిపితే సాలు, రుద్దొద్దు, గీకొద్దు. పోరడు ధైర్యంగుంటే ఎట్లున్నదాన్ని అట్లనే సందుల పెట్టి, శుభ్రమైన బట్ట కొరికిపట్టమనుడు అన్నిటికంటె మంచిది. చెయ్యి ఆడకపోతే పాలల్లనే వెయ్యిండ్రి. సగం విరిగిన ముక్కైనా దొరికితే తెండ్రి, అతికిస్తరు.

పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టొద్దు, కింద మొలిచే గట్టి పన్నుకు దెబ్బ తగులుతది. చిగుర్లకు దిగబడ్డా, ఊగుతున్నా చేత్తోని గుంజొద్దు, చూపియ్యాలె. గాయంల కాఫీపొడి, పొగాకు కుక్కుడు ఆపుండ్రి.

ఊళ్లె ఆర్‌ఎంపీ రక్తం ఆపుతడు, సూది ఇస్తడు, పన్ను పెట్టుడు ఆయన పని కాదు. అక్కడ కూసుంటే ఆ గంట పోతది. ధనుర్వాతం సూది పన్ను పెట్టినంక గూడ ఇయ్యచ్చు. తలకు దెబ్బ తగిలి వాంతులు చేసుకున్నా, స్పృహ తప్పినా పన్ను సంగతి పక్కకు పెట్టి 108కి కొట్టుండ్రి. పన్ను దొరకక పోరడు దగ్గుతుంటే, అది ఊపిరితిత్తులల్లకు పోయిందేమో, పెద్ద దవాఖానకే పోవాలె.

ఆదివారం క్లినిక్‌లు బందుంటయి. ఏ డాక్టర్ ఉంటడో ఇప్పుడే అడిగి నంబర్ పెట్టుకోండ్రి.