తిరుపతి విమానములో మంచిచోటు

హైదరాబాదునుండి తిరుపతికి ఏ.టి.ఆర్. 72 విమానమున పోవుచు మంచిచోటులకై జనులు పడు పోటీని చూచితిమి. పలువురు అదనపు పైకమిచ్చి ముందువరుసలు కోరిరి. కాని యీ విమానమున ముందుభాగము సామానుల గది. ప్రయాణికుల వాకిలి వెనుకనున్నది. ముందు కూర్చున్నవారే కడపట దిగవలెను! పంకాల రొదయు వారికే హెచ్చు. నడవకు ఇరుప్రక్కల రెండేసి చోటులే గాన నడుమ నిరుకుకొను బాధ యెవరికిని లేదు. ఱెక్కలు కిటికీలకు పైన నుండుటచే నేల చక్కగా కానవచ్చును.

మేము మా అత్తగారిని వెనుకవరుసలో కిటికీకడ కూర్చుండబెట్టితిమి. క్రింద కృష్ణానది మెరయగనే వారు చేతులు జోడించిరి. మోకాళ్లనొప్పులుగల వారికి నడకయు తగ్గెను, దిగుటయు ముందే. గంటసేపటి ప్రయాణమున గొప్పకొఱకు గాక, మనవారి సుఖము నెఱిగి చోటు కోరుటయే మేలు.