బంతా? బఫేనా?

మనిషి బుద్ధి భోజనం దగ్గర బయటపడుతుందంటారు పెద్దలు. మా అక్క కూతురి పెళ్ళి భోజనాలు ఇంకా మూడు నెలలున్నాయనగానే మా అందరి బుద్ధులూ బయటపడ్డాయి.

మా వూరు బంగారుపాళ్యం. చిత్తూరునుంచి పలమనేరు పోయే దారిలో వుంటుంది. వేసవి వచ్చిందంటే రోడ్డు పొడుగునా మామిడికాయల బండ్లే. అక్కను ఆ వూళ్ళోనే మేనత్త కొడుక్కిచ్చారు. వైశాఖంలో ముహూర్తం కుదిరింది. నగలూ, చీరలూ, మేళమూ వీటిలో ఎక్కడా మాట తేడా రాలేదు. వచ్చినవాళ్ళకు అన్నం ఎలా పెట్టాలన్న దగ్గర మాత్రం ఇల్లు రెండు పక్షాలుగా చీలిపోయింది. ఆకులు వేసి బంతులు తీర్చాలని నేను. బఫే పెట్టాలని మా మేనల్లుడు. మా బావ ఎప్పటిలాగే ఎవరు మాట్లాడుతుంటే వారి పక్షం.

మేనల్లుడు అమెరికాలో వుద్యోగం చేస్తున్నాడు. క్రిందటేడు అలాస్కా తీరం వెంట వారంరోజులు ఓడ ప్రయాణం చేసి వచ్చాడు. అందుచేత వాడి వాదన కూడా ఓడెక్కే వచ్చింది.

"మామా! ఓడల్లోనూ ఇదే తగువు. పెద్ద ఓడల్లో పాత పద్ధతి ఒకటుంది. రోజూ అదే వేళకు, అదే బల్ల దగ్గర, అదే మనుషులతో కూర్చోవాల. వేలమంది ఒక్కసారిగా పట్టరు కదా! అందుకని రెండు విడతలు. ఒకటి ఆరింటికి, రెండోది ఎనిమిది దాటినాక. కొత్త పద్ధతిలో ఆ బాధ లేదు. ఆకలైనప్పుడు పోవచ్చు, ఖాళీ వున్నచోట కూర్చోవచ్చు. 2000లో నార్వీజియన్ అనే ఓడల కంపెనీ దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. తర్వాత తక్కినవాళ్ళూ ఆ దారి పట్టినారు. నేను పోయినట్టి చిన్న ఓడల్లో అయితే ఎక్కువగా ఇదే పద్ధతి. మేము నూరుమంది కూడా లేము. అందరమూ ఒకేసారి కూర్చుంటే సరిపోతుంది."

"రెండు విడతలా! అయితే తెల్లవాళ్ళదీ బంతి భోజనమేనన్నమాట" అన్నాను, నా పక్షానికి బలం దొరికిందని.

"దాన్నే వదిలేస్తున్నారంటే!"

"వదిలేస్తే ఏమైంది? నువ్వు మాంసం తినవు. రోజుకొక బల్ల, పూటకొక వడ్డించేవాడు అయితే ప్రతిరోజూ నీ వ్రతం వాడికి విన్నవించుకోవాలి. పాత పద్ధతిలో మొదటిరోజు చెబితే చాలు. మనవాళ్ళు వూరికే అన్నారా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని?"

"చిన్న ఓడలో రెండోరోజుకే అందరికీ అన్నీ తెలిసిపోతాయి మామా" అన్నాడు వాడు. నా సామెత ఓడ దగ్గరే ఆగిపోయింది.

నిజానికి నా పట్టుదలకు కారణం వేరే వుంది. అది సిగ్గుచేటు కాబట్టి పైకి చెప్పలేదు. క్రిందటి కార్తీకంలో బంధువులింట పెళ్ళికి నాయనను తీసుకుపోయాను. ఆయనకు ఎనభై యేళ్ళు. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి వణుకు. అక్కడ బఫే. "నువ్వు కూర్చో నాయనా, నేను తెస్తాను" అని కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళెం ఆయన వొళ్ళో పెట్టి వెళ్ళాను. దారిలో పాత శిష్యుడొకడు నమస్కారం పెట్టాడు. మా వృత్తిలో వాళ్ళకు అంతకంటే రుచి అయిన వంటకం లేదు కదా! కబుర్లలో పడిపోయాను. తిరిగి వచ్చేసరికి వొళ్ళో పళ్ళెం లేదు. "అయిపోయిందిలే, పోదాం పద" అన్నాడు. ఎవరో పెట్టారు కాబోలనుకున్నాను. రాత్రి పదింటికి ఇల్లు చేరాక మా ఆవిడను మెల్లగా అడిగాడు. "రవంత మజ్జిగన్నం వుంటే పెట్టమ్మా."

ఆ రాత్రినుంచి బఫే అన్నమాట వినబడితే నాకు ఆ పళ్ళెమే కనబడుతుంది. తప్పు నాదే, పళ్ళెంది కాదు. అయినా మన తప్పుకు పళ్ళెం దొరికితే దాన్నే కోప్పడతాం.

"ఈ ముచ్చట నాయననే అడుగుదాం" అన్నాను, ఆయన నా వైపే తీర్పు చెబుతాడన్న ధీమాతో. ఆయన వసారాలో మంచం మీద పడుకుని అంతా వింటున్నాడు.

"బంతి బంతి అంటావుండావే, నువ్వు చూసిన బంతి వేరు, నేను చూసిన బంతి వేరురా" అన్నాడు.

1955 ప్రాంతం. నాయనకు పదేళ్ళుంటాయి. వూళ్ళో ఒక కలిగినవారింట పెళ్ళి. బడిలో తన పక్కన కూర్చునే స్నేహితుడితో కలిసి వెళ్ళాడు. ఇద్దరూ ఒకే పలకమీద లెక్కలు చేసేవారట. గుమ్మం దగ్గర ఎవరో నాయనను చెయ్యిపట్టి బంతిలో కూర్చోబెట్టారు. ఆ పిల్లవాణ్ణి మాత్రం పశువుల కొట్టం వైపు పొమ్మన్నారు. అందరి బంతులూ లేచిన తర్వాత వాడికి అక్కడ ఆకు.

"నేను కూర్చున్న చోటినుంచి వాడు కనబడతానే వుండాడు. లేచి పోలేదు. పాయసం పోసినారు. తాగితిని" అన్నాడు నాయన. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. "మరురోజు బడిలో వాడు పలక తెచ్చుకున్నాడు. వాడిది వాడికి."

అస్పృశ్యతను నేరంగా శిక్షించే చట్టం దేశానికి వచ్చింది సరిగ్గా 1955లోనే. అంతకు ఇరవై యేళ్ళ ముందే, 1933–34లో గాంధీగారి హరిజన యాత్ర నాటికి, మన జిల్లాల్లో సహపంక్తి భోజనాలు జరుగుతుండేవి. ఇదంతా తరగతిలో చెప్పగలను. అరటాకు కొస ఎడమవైపుకు వుండాలనీ, పక్కవాడు ముగించక ముందే లేవకూడదనీ బంతి మర్యాదలు గురించి కూడా వైభవంగా చెబుతాను. ఆ బంతిలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్నది మా ఇంటి వసారాలోనే వుందని నాకు తెలియదు.

మేనల్లుడు గెలిచినట్టు చూస్తాడనుకున్నాను. వాడు నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఓడల్లోనూ వుంది తాతా. క్వీన్ మేరీ 2 అనే ఓడలో ఇప్పటికీ గది అద్దెను బట్టి భోజనశాల. ఎక్కువ పెట్టినోళ్ళది వేరే. అయితే నా ఓడ సంగతీ చెబుతా. ఎక్కడైనా కూర్చోవచ్చన్నారు. మొదటిరోజు పోతే అన్ని బల్లల దగ్గరా జంటలు, స్నేహితులు. ఖాళీ కుర్చీ చూసి అడిగితే మావాళ్ళు వస్తారన్నారు. రెండు రోజులు మూల కూర్చుని తిన్నా. మూడోరోజు ఒక ముసలాయనా ఆయన భార్యా చెయ్యూపి పిలిచినారు. అప్పుడుగానీ అన్నం సయించలేదు."

"అట్లయితే కొండమీద మాదిరి పెట్టండిరా" అన్నాడు నాయన.

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. 2011నుంచి అది తరిగొండ వెంగమాంబ పేరిట కట్టిన భవనంలో జరుగుతున్నది. గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టి, కొండ చేరి, కావ్యాలు రాసి, యాత్రికులకు అన్నం పెట్టిన తల్లి ఆమె. నాలుగు పెద్ద హాళ్ళు, ఒక్కొక్కదానిలో వెయ్యిమంది. తలుపు తెరిచాక ముందు వచ్చినవారు ముందు వరుస, తర్వాత వచ్చినవారు తర్వాతి వరుస. పక్కన ఎవరు కూర్చుంటారో ఎవరికీ తెలియదు. అయినా ప్రతి ఆకు దగ్గరికీ వడ్డించేవాడు వచ్చి తీరుతాడు. పాత పద్ధతిలో వున్న ఆదరణా వుంది, కొత్త పద్ధతిలో వున్న స్వేచ్ఛా వుంది. నలభై యేళ్ళనుంచి మన కొండమీద వున్నదాన్ని తెలుసుకోవటానికి మేము అలాస్కా దాకా పోవలసివచ్చింది.

పెళ్ళినాడు బల్లలమీద ఆకులు వేయించాం. ఎవరికీ ప్రత్యేకమైన వరుస లేదు. బస్సుకు తొందరపడేవారికి మాత్రం ఒక పక్క పళ్ళేలు పెట్టాం. అది మేనల్లుడి వాటా. తినేవారి కుర్చీల వెనక జనం నిలబడి ఎప్పుడు లేస్తారా అని మెడమీద వూపిరి విడవకుండా, బయట బెంచీలు వేసి పానకం ఇప్పించాం.

చిక్కు రాకపోలేదు. వియ్యాలవారి తరపు పెద్దమనిషి ఒకరు, మొదటి బంతి తమకే కేటాయించలేదని ముఖం ముడిచారు. అక్కకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాయన కర్ర టకటకలాడిస్తూ వెళ్ళి, "రాండి బావగారూ, నా పక్కన కూర్చోండి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎనభై యేళ్ళ మనిషి పిలిస్తే ఎవరు కాదంటారు? నాయనకు రెండోపక్క అప్పటికే మండీలో గంపలు మోసే హమాలీ కూర్చుని వున్నాడు. పెద్దమనిషి ఒకసారి చూశారు. కూర్చున్నారు. ఓళిగ మారు వడ్డించుకున్నారు కూడా. వెళ్ళేటప్పుడు మనసు తేలికపడిందో లేదో నాకు తెలియదు.

మేనల్లుడు నడుముకు తువ్వాలు చుట్టి మూడు బంతులు వడ్డించాడు. తాత చెయ్యి వణికి చారు జారిపోతుంటే, అన్నానికి గట్టు కట్టి అందులో పోశాడు. నాయన తృప్తిగా తిన్నాడు. పాయసం వచ్చినప్పుడు మాత్రం ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకని అక్క అడగబోతే నేను కళ్ళతో వారించాను.

అజమాయిషీ చేస్తూ తిరుగుతున్న నన్ను చివరికి నాయనే కేకేసి కూర్చోబెట్టాడు. కడబంతి. వడ్డించేవాడు మా మేనల్లుడే. అయినా వడలు అయిపోయాయి!